బంగారు గద్దె కాదు, తగిన వాకిలి

సుమతీ శతకములో బంగారు సింహాసనముపై శునకమును నిలిపిన పద్యము బడిపిల్లలకెల్ల కంఠస్థమే. ఎంత పట్టాభిషేకము చేసినను పుట్టుకతో వచ్చిన నడవడి పోదని దాని తాత్పర్యము. కుక్కను అందలమెక్కించిన కుచ్చులన్నియు తెగగొఱికినదను సామెతయు ఈ కోవలోనిదే. నీచునకు ఉన్నతపదవి తగదను నీతికి ఈ రెండింటిని ఉదాహరణములుగా తరగతిలో చెప్పుట పరిపాటి. నీతి నీతిగానే యుండవచ్చును. కాని ఒక్క క్షణము కుక్క పక్షమున నిలిచి విచారించినచో ప్రశ్న తలక్రిందులగును. అందలము కావలెనని కుక్క కోరినదా? కుచ్చులు కొఱకుట దాని స్వభావమని ఎఱిగియు ఎక్కించినవానిది కాదా తప్పు? గుణము మారదనుట కుక్కకు నింద కాదు. దానికి ఇల్లు వెదకువానికి అది మొదటి పాఠము.

ఈ పాఠమునకు నేడు విశేషమైన అవసరము కలిగినది. వేడుకకై కొని, ఏడాది తిరుగకుండనే వీథిపాలు చేసిన జాతికుక్కలను దయాళువులు చేరదీసి, మఱియొక యింటికి దత్తత యిచ్చు పద్ధతి తెలుగునాటను వ్యాపించినది. లండనులో మేరీ టీల్బీ యను ఇల్లాలు 1860లో దిక్కులేని కుక్కలకు ఆశ్రయమొకటి నెలకొల్పినపుడు నవ్వినవారే యెక్కువ. ఆ భావము క్రమముగా లోకమంతట పాకినది. మద్రాసులో 1959లోను, హైదరాబాదులో 1992లోను బ్లూక్రాసు సంస్థలు వెలసినవి. ఇది పుణ్యకార్యమనుటలో సందేహము లేదు. అయినను రక్షించుటతో ముగియునది సగము పని మాత్రమే. తగిన యిల్లు చూచుట రెండవ సగము. ఆ ‘తగిన’ యను మాటలోనే చిక్కంతయు కలదు. బోర్డర్ కాలీ యను జాతి విషయమున ఆ చిక్కు మిక్కిలి స్పష్టముగా కనబడును.

ఇంగ్లండు, స్కాట్లండుల సరిహద్దు కొండలలో గొఱ్ఱెలను మేపు కాపరులు తరతరములుగా తీర్చిదిద్దిన కుక్క యిది. సరిహద్దు అను అర్థము గల మాటయే దాని పేరులో చేరినది. నార్తంబర్లండులో ఆడమ్ టెల్ఫర్ పెంపకములో 1893లో పుట్టిన హెంప్ అను కుక్కను ఈ జాతికి మూలపురుషునిగా చెప్పుదురు. గొఱ్ఱెలకుక్కల అంతర్జాతీయ సంఘము 1906లో ఏర్పడినది. కాపరులు ఈ కుక్కలను ఎన్నుకొనుటలో చూచినది అందము కాదు, పనితనము. మొఱగకుండ, కఱవకుండ, నేలబారుగా వంగి, ఱెప్పవాల్చని చూపుతోనే మందను కదల్చుట దీని విద్య. కాపరి యీల వేయగనే కుడికో యెడమకో చుట్టివచ్చి, చెదరిన గొఱ్ఱెలను కూడదీసి, అతని ముందు నిలుపును. అమెరికాలో జాన్ పిల్లీ యను ఆచార్యుడు చేసర్ అను బోర్డర్ కాలీకి 1,022 బొమ్మల పేర్లు నేర్పి, ఆ ఫలితములను 2011లో ప్రకటించెను. పేరు చెప్పినచో ఆ బొమ్మనే అది ఏరి తెచ్చెడిది. ఇట్టి జీవికి తిండియు నీడయు చాలుననుట, చదువు దాహము గల పిల్లవానికి కడుపునిండ అన్నము పెట్టి, గదిలోనుంచి గొళ్ళెము వేయుట వంటిది.

జరుగుచున్నది అదియే. నలుపు తెలుపుల జూలును, ముద్దులొలుకు మొగమును చూచి కూనను కొందురు. ఏడాది నిండునప్పటికి దాని లోపలి కాపరి మేల్కొనును. పరుగెత్తు పిల్లలు, పోవు సైకిళ్ళు, పెరటికోళ్ళు, అన్నియు దానికి గొఱ్ఱెలే. పిల్లల మడమలను పండ్లతో తాకి ఒకచోటికి తోలజూచును. గొలుసు వేసినచో దినమెల్ల మొఱగును. తన తోకను తానే తఱుముచు గిరగిర తిరుగును. పాదమును పుండుపడునంతగా నాకుకొనును. ఇరుగుపొరుగువారు పిచ్చికుక్క యందురు. ఒకనాటి రాత్రి దానిని బండిలో నెక్కించి, ఊరిబయట దింపి వత్తురు. జంతువును ఆకలిదప్పులకు లోనగునట్లు విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఆ చట్టమునకు ప్రేరణ. మొదటి తప్పునకు అందు విధించిన జరిమానా పది రూపాయలకు తగ్గనిది, ఏబదికి మించనిది. అంతటి స్వల్పభయముతో నిలుచునది కాదు ధర్మము. అది ఇల్లు చూచునప్పుడే నిలువవలయును.

ఇట్టి కుక్క యొకటి ఏలూరు జిల్లాలో చేరదీయబడినదనుకొందము. దానిని పెంచుకొందుమని ఎట్టివారు ముందుకు వత్తురో ఊహించుట కష్టము కాదు. ఏలూరులో అయిదవ అంతస్తున కాపురమున్న దంపతులు మొదట రావచ్చును. వారికి దయ కలదు, తీరిక లేదు. ఇరువురును ఉద్యోగములకు పోగా, ప్రొద్దుటినుండి ప్రొద్దుగ్రుంకు వఱకు కుక్కకు నాలుగు గోడలే తోడు. తరువాత కొల్లేటి చేపలచెఱువు యజమాని వచ్చును. అచట చోటు విస్తారము. కాని ఆయనకు కావలసినది గట్టుమీది పాక యొద్ద రాత్రి మొఱగుటకు గొలుసుకుక్క. గొలుసు విప్పినచో అది చేయు పని వేఱు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సులో వాలిన పక్షులను నిలువనీయదు. పిదప తాడేపల్లిగూడెపు ధనికుడొకడు చల్లని గదియు, మెత్తని పఱుపును చూపవచ్చును. ఆయనకు వాకిట జాతికుక్క యున్నదను పేరు కావలయును. శతకకారుడు చెప్పిన బంగారు గద్దె యిదియే.

ఈ మువ్వురిని కాదనుట సులభము. నిజమైన పరీక్ష కామవరపుకోటలో ఎదురగును. డెల్టా వరిచేలను దాటి మెట్టకెక్కిన పిదప వచ్చు ఊరది. ఆయిల్‌పామ్, కోకో, నిమ్మ, మామిడి తోటల నడుమ బీళ్ళలోను, గుట్టల వాలులందును గొఱ్ఱెలమందలు కనబడును. గొఱ్ఱెలకుక్కకు గొఱ్ఱెలకాపరి యిల్లు! ఇంతకంటె చక్కని సంబంధ మెక్కడ దొరకునని ఎవరికైనను తోచును. జంతుప్రేమికులలో పలువురు సంతోషముతో తాంబూలములు పుచ్చుకొనుటకు సిద్ధపడునది ఇచటనే.

కాని అది పేరుబలము చూచి పెండ్లి చేయుట వంటిది. మొదటి అడ్డు ఎండ. వేసవిలో ఆ ప్రాంతపు వేడి నలువది డిగ్రీలు దాటును. కుక్కకు మనుష్యునివలె ఒడలంతట చెమట పట్టదు. నాలుక వ్రేలవేసి రొప్పుటయే దానికి ప్రధానమైన ఉపశమనము. చలికొండలకు తగిన రెండు పొరల జూలు గల ఈ జాతికి ఆ కష్టము మఱింత హెచ్చు. పైగా పని కనబడినపుడు తనంత తాను ఆగుట దీనికి తెలియదు. దాని ఉత్సాహమే దానికి వడదెబ్బయై ప్రాణము తీయగలదు.

రెండవ అడ్డు పనిలోని తేడా. తెలుగు కాపరి తన కేకతోను, కఱ్ఱతోను మందను తానే నడుపును. అతని కుక్క పని రాత్రివేళ దొడ్డిని కాచుట; నక్కనుండియు, దొంగనుండియు మందను రక్షించుట. అది గొఱ్ఱెల నడుమనే పెరిగి, వానిని పట్టించుకొనకుండ పడియుండును. బోర్డర్ కాలీకి గొఱ్ఱె కనబడినచో తోలవలసినదిగానే తోచును. ఆ తీక్ష్ణమైన చూపు నెఱుగని మంద బెదరి చెల్లాచెదరగును. చూలిగొఱ్ఱెలకు ఈత చెడును. ఈ కుక్కను అదుపులో పెట్టుటకు ప్రత్యేకమైన శిక్షణ కావలయును. మన కాపరికి తన విద్య పరిపూర్ణముగా తెలియును. అది వేఱొక విద్య. మూడవది బ్రతుకు లెక్క. మందనే నమ్మిన సంసారమునకు ఒక గొఱ్ఱెపిల్ల నష్టము చిన్నది కాదు. ఆ నష్టము కలిగిననాడు కుక్కపై కఱ్ఱ లేచినచో తప్పెవరిది? దానము పేర పేదవాని నెత్తిన అపాయము పెట్టిపోవుట దానము కాదు.

అట్లయినచో కామవరపుకోటలో ఆ కుక్కకు ఇల్లే లేదా? ఉండవచ్చును. అయితే దానిని ఆస్తినిబట్టియు, వృత్తి పేరునుబట్టియు వెదకరాదు; దినచర్యనుబట్టి వెదకవలయును. చుట్టును ప్రహరి, పెరటిలో వేపచెట్టు నీడ, పగలెల్ల ఇంట నుండు మనిషి యొకరు, తెల్లవాఱకముందును ప్రొద్దుగ్రుంకిన పిదపను విసుగులేక నడువగల కాళ్ళు: ఇవి మొదటి అర్హతలు. రోజున కొంతసేపు దాని బుద్ధికి పని చెప్పు ఓపిక అంతకంటె ముఖ్యము. దాచిన వస్తువును వాసనతో వెదకించుట, పేరు చెప్పి తెప్పించుట, ఆగుమన్నచోట ఆగుట నేర్పుట మొదలగునవి దానికి గొఱ్ఱెలు లేని కొఱతను చాలవఱకు తీర్చును. ఇంట పసిపిల్లలు కాక ఎఱుక వచ్చిన పిల్లలుండుట మేలు. జబ్బు చేసినచో మండలములోని పశువైద్యుని పిలుచుకొనగల స్తోమత ఉండవలయును. పెద్దజబ్బునకు గన్నవరములో పశువైద్య కళాశాల కలదు. పండ్రెండు, పదునైదేండ్లు బ్రతుకు జీవి యిది. పిల్లల చదువులు ముగిసి వారు దూరదేశము వెళ్ళిన పిదప దానిని చూచువారెవరో ముందే యోచింపవలయును. ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుని యిల్లు, ధనికుని మేడకంటె ఈ పరీక్షలో నెగ్గుట కవకాశము హెచ్చు.

ఇచ్చువారికిని నియమము లుండవలయును. వేయి అబద్ధములాడి యొక పెండ్లి చేయుమను సామెత ఇచట చెల్లదు. కుక్కలోని లోపములను దాచక చెప్పవలయును. ఆ యింటికి స్వయముగా పోయి చూడవలయును. శస్త్రచికిత్సయు, టీకాలును ముగించి, కొన్ని వారములు పరీక్షార్థముగా ఉంచి, పొసగినపుడే దత్తత స్థిరము చేయవలయును. పొసగనిచో మూడవవానికి చేర్చక, తెచ్చిన చోటికే తిరిగి తెచ్చు ఒడంబడిక వ్రాయించుకొనవలయును. అట్లు తిరిగి తెచ్చినవారిని నిందింపరాదు. నిందకు వెఱచినవాడే రాత్రివేళ ఊరిబయటకు బండి తోలును.

కుక్కలు వేలు, ఇండ్లు పదులు. ఈ వడబోత లెందుకు, వీథికంటె ఏ యిల్లైనను మేలు కాదా యని కొంద ఱడుగుదురు. ఆ ప్రశ్నలో జాలి కలదు, అనుభవము లేదు. తగని యింటినుండి తిరిగి వచ్చిన కుక్క మొదటికంటె బెదరి, మొండియై వచ్చును. రెండవ యిల్లు మఱింత దుర్లభమగును. ఆ యింటివారును, వారిని చూచిన పొరుగువారును ఇక కుక్క పేరెత్తరు. ఒక్క తొందరపాటు పది తలుపులను మూయును. ఇంటికి తోడు మాత్రమే కోరువారికి మన ఊరకుక్క కలదు. ఈ యెండకు, ఈ గాలికి అది పుట్టినది. పెట్టినది తిని, చూపిన ప్రేమను మఱవదు. వీథికుక్కల వ్యవహారములో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, కోరినవారు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసి వీథికుక్కను దత్తత తీసికొనవచ్చునని చెప్పుచు, అట్లు తీసికొన్న కుక్క మరల వీథికి రాకుండ చూచు బాధ్యత దత్తత తీసికొన్నవారిదే యని స్పష్టము చేసినది. జాతికుక్కకైనను ఊరకుక్కకైనను వర్తింపవలసిన ధర్మమిదియే.

ఇది క్రొత్త ధర్మము కాదు. కామవరపుకోట మండలములోనే, జీలకఱ్ఱగూడెము చెంత గుంటుపల్లి కొండలో, క్రీస్తుపూర్వము నాటి బౌద్ధ భిక్షువుల గుహలున్నవి. ఆ బౌద్ధధర్మమును చేపట్టిన అశోకుని శిలాశాసనములు కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలో నిలిచియున్నవి. మనుష్యులకొక చికిత్సయు, పశువులకొక చికిత్సయు ఏర్పఱచి, ఎవరికి ఉపయోగించు మూలికలను వారికై, లేనిచోట తెప్పించి నాటించితినని ఆ చక్రవర్తి రెండవ శాసనము తెలుపుచున్నది. కరుణ యందఱియెడల నొక్కటియే. మందు మాత్రము ఎవరిది వారికే. దయకు వివేకము తోడు కావలెనని ఇంతకంటె స్పష్టముగా చెప్పుట దుష్కరము. భారతములో ధర్మరాజు తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్నాడు. విడువననుట కడపటి మాట. ఆ మాట నిలుపుకొనగలమా యని తన యింటిని, తన తీరికను తూచి చూచుకొనుట మొదటి మాట.

ఈ విషయము ఉపాధ్యాయులకు వివరించి చెప్ప నక్కఱలేదు. చుఱుకైన పిల్లవాడు పనిలేక అల్లరి చేయుటయు, తగిన పని చెప్పగనే ఒదిగిపోవుటయు వారెఱుగనివి కావు. విద్యార్థులు ఇంట కుక్కను పెంచుదమని పెద్దలను బలవంతపెట్టుటకు ముందు, ఒక నెల దినములు తెల్లవాఱకముందు లేచి, కుక్క లేకుండనే, దానితో నడువవలసినంత దూరము నడిచి చూచినచో చాలును. నెల ముగిసినపుడు ఆ యింటివారు తమకు సాధ్యము కాదని చెప్పినను అది కాఠిన్యము కాదు. ఆ కుక్కకు తగిన యిల్లు దొరకుటకు వారును తోడ్పడినవారే.