రెండు రూపాయల పేడ, మూడేళ్ల గడువు

‘గ్రాంటు’ అనే మాటకు తెలుగులో ఏం రాయాలి? మోప్కాలో మన బడిలో ఒకరోజు తెలుగు పీరియడ్‌లో ఈ ప్రశ్న వచ్చింది. ఒకరు అప్పు అన్నారు. అప్పయితే తిరిగి కట్టాలి. ఇంకొకరు రాయితీ అన్నారు. రాయితీ అంటే మనం కొనే వస్తువు ధరలో కొంత ప్రభుత్వం భరించడం. బహుమతి అన్నవారూ ఉన్నారు. బహుమతి పని అయ్యాక ఇస్తారు, గ్రాంటు పని మొదలుపెట్టడానికి ఇస్తారు. ఇంతలో వెనక బెంచీ నుంచి ఒక పాప అడిగింది: “టీచర్, ఇక్కడ పేడకి డబ్బులిచ్చేవాళ్లట కదా, మరి అదేంటి?”

క్లాసంతా నవ్వింది. కానీ అది నవ్వాల్సిన ప్రశ్న కాదు. ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. ఈ నాలుగు మాటలూ అందుకే రాస్తున్నాం.

బిలాస్‌పూర్‌కు కొత్తగా వచ్చినవాళ్ల కోసం మొదట కథ చెప్పాలి. 2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నాలుగు పల్లె మాటలతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది: నర్వా, గరువా, ఘురువా, బారీ. మన మాటల్లో చెప్పుకుంటే వాగు, గొడ్డూగోదా, ఎరువుకుప్ప, పెరటితోట. ఆ మరుసటి ఏడాది, 2020 జూలై 20న, హరేలీ పండుగనాడు, గోధన్ న్యాయ్ యోజన వచ్చింది. హరేలీ అంటే ఇక్కడి రైతులు నాగలినీ పారనూ కడిగి పూజ చేసే రోజు. మీలో కొందరు ఆ రోజు వెదురు గెడీలెక్కి నడిచే ఉంటారు. మన పంచాంగంలో అది ఆషాఢ అమావాస్య. మన ఏరువాక పున్నమికి చుట్టమనుకోండి.

పథకం చాలా సులువు. ఊరి గౌఠాన్‌కు, అంటే పశువులను నిలిపే చోటికి, పేడ తెచ్చినవాళ్లకు కిలోకు 2 రూపాయలు. పదిహేను రోజులకోసారి డబ్బు బ్యాంకు ఖాతాలో పడేది. మహిళా సంఘాలు ఆ పేడతో వర్మీకంపోస్టు తయారుచేసి కిలో 10 రూపాయలకు అమ్మేవి. 2022 హరేలీ నుంచి గోమూత్రం కూడా లీటరు 4 రూపాయలకు కొన్నారు. సెంటు భూమి లేని మనిషి కూడా రోడ్డు మీద పేడ ఎత్తి అమ్ముకోవచ్చు. మాకు నచ్చింది అదే. వ్యవసాయానికి సాయం అనగానే పట్టాదారు పాసు పుస్తకం అడగడం అలవాటైన చోట, తట్ట మోసే మనిషిని లెక్కలోకి తెచ్చారు.

2023 చివర్లో ప్రభుత్వం మారింది. పేడ కొనడం ఆగింది. ఏ ప్రభుత్వం మంచిదన్న చర్చ బడి పత్రికకు సంబంధించినది కాదు, అందులోకి మేం వెళ్లం. మా అనుమానం వేరు. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు, ఆ ఒక్కడు సంచి మూసేస్తే వానపాములు ఏం చేస్తాయి? ఆ కాలంలో ఎందరు రైతులు కంపోస్టు రుచి మరిగి, ఎవరూ చెప్పకపోయినా తమ పొలానికి తామే వేసుకోవడం మొదలుపెట్టారు? ఒక గ్రాంటు నిలిచిందా లేదా అన్నది అక్కడ తెలుస్తుంది. ఎన్ని క్వింటాళ్లు కొన్నారన్న లెక్కలో తెలియదు.

ఇంకో లెక్క చూడండి, ఇది లెక్కల టీచరు దగ్గరకు తీసుకెళ్లినా ఫరవాలేదు. 2021లో ఈ రాష్ట్రంలో వరి రైతుకు ఎకరాకు 9,000 రూపాయల పెట్టుబడి సాయం ఉండేది. వరి మానేసి కోదో, కుట్కీ, అంటే మన అరికలు, సామల వంటివి, లేదా పప్పుధాన్యాలు వేస్తే 10,000. తేడా వెయ్యి రూపాయలు! ఇప్పుడు ప్రభుత్వం ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు ధాన్యం కొంటుంది, క్వింటాలుకు రైతుకు 3,100 రూపాయలు ముడుతుంది. గుణిస్తే 65,100. ఇంత ఖాయమైన డబ్బు వదులుకుని, అమ్ముడుపోతుందో లేదో తెలియని పంట వేసి చూడమని రైతుకు చెప్పాలంటే మన నోరు పెగలదు. రైతు మొండివాడు, కొత్తది నేర్చుకోడు అని మన ఇళ్లలో అనుకోవడం వింటుంటాం. రైతు మనకన్నా బాగా గుణకారం చేస్తాడు, అంతే.

మరి కొత్తదనానికి ఇచ్చే డబ్బు దేనికి ఇవ్వాలి? మా అభిప్రాయం: ఓడిపోవడానికి ఇవ్వాలి. అంటే రసాయన ఎరువు మాన్పించిన మొదటి ఏళ్లలో దిగుబడి తగ్గితే, ఆ తగ్గింది పూడ్చడానికి. నేల ఒక పంటకు మారదు. కేంద్రం 2015లో తెచ్చిన పరంపరాగత్ కృషి వికాస్ యోజన ఈ సంగతి గుర్తించింది. అది సేంద్రియ సేద్యానికి మారే రైతుల గుంపుకు మూడేళ్ల పాటు సాయం ఇస్తుంది. మూడేళ్లు అనగానే మనకు నవ్వొస్తుంది, అది మన బదిలీ గడువు కదా! మూడేళ్లలో మనకు ఒక ఊరి వీధులు తెలుస్తాయి, ఊరు తెలియదు. నేల సంగతీ అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకాస్త ఓపిక చూపించారు. అక్కడ 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని రైతు సాధికార సంస్థ నడుపుతోంది. దాని ఖర్చులో కొంత జర్మనీ అభివృద్ధి బ్యాంకు ఇచ్చిన అప్పు కూడా ఉంది, కాబట్టి అంతా గ్రాంటే అనుకోకండి. వాళ్లు డబ్బును యంత్రాల మీద కన్నా మనుషుల మీద ఎక్కువ పెట్టారు. ముందు తన పొలంలో చేసి చూసిన రైతే పక్క రైతుకు నేర్పుతాడు. చాలా ఊళ్లలో నేర్పేది ఆడవాళ్లు, పొదుపు సంఘాల వాళ్లు. పది కిలోల నాటు ఆవు పేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, 200 లీటర్ల నీళ్లు కలిపితే ద్రవ జీవామృతం. దీన్ని అమ్మే దుకాణం అక్కర్లేదు, కొనే ప్రభుత్వమూ అక్కర్లేదు. వానలకు ముందే పొడి నేలలో నవధాన్యాల విత్తనాలు చల్లి, భూమిని ఎండకు వదలకుండా పచ్చగా కప్పి ఉంచడం కూడా అనంతపురం లాంటి కరువు జిల్లాలో నిలబడింది. దిగుబడుల మీద శాస్త్రవేత్తల మధ్య వాదన నడుస్తూనే ఉంది, నడవాలి కూడా. 2024లో పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతిని ముగ్గురు పంచుకున్నారు. వారిలో ఈ కార్యక్రమం ఒకటి. అదే ఏడాది నవంబరులో కేంద్రం 2,481 కోట్లతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు అనుమతి ఇచ్చింది. అందులోనూ ఊళ్లో ఉండే ‘కృషి సఖి’ అనే మహిళకు చోటుంది. ఊళ్లో ఉండే మనిషి అన్న మాట దగ్గర మా మనసు ఆగింది.

ఎందుకంటే మేం ఊళ్లో ఉండే మనుషులం కాదు. ఇంతకు ముందు పనిచేసిన ఒక చోట బడితోటకు కొంత డబ్బు వచ్చింది. నీలం డ్రమ్ము కొన్నాం, చుక్కల సేద్యం గొట్టాలు పరిచాం, ఎరువు గొయ్యి తవ్వాం, ఫొటోలు దిగాం. టొమాటోలు బాగానే కాశాయి. రెండేళ్ల తర్వాత అటుగా వెళ్లిన ఒక సహోద్యోగి ఫొటో పంపారు: ఎండిన గడ్డి, పగిలిన గొట్టం, డ్రమ్ములో చీపుళ్లు. తప్పు ఎవరిది? గొయ్యిలో ఆకులు ఎప్పుడు తిరగవేయాలో తెలిసింది మాకూ ఐదుగురు పిల్లలకూ. మాకు బదిలీ అయింది. ఆ ఐదుగురిలో నలుగురి నాన్నలకూ అయింది. ఐదో అబ్బాయి తోటమాలి కొడుకు. అన్నీ వాడికి అప్పగించి, వాడి పేరు ఒక కాగితం మీద రాసి పెట్టాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. వాడు ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉన్నాడు.

మీలో ఆరు నుంచి పన్నెండు వరకు చదివేవాళ్లకు ఇన్‌స్పైర్ మానక్ పథకం ఉంది. ఆలోచన ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు నేరుగా ఖాతాలో పడతాయి. అదీ గ్రాంటే. వ్యవసాయం మీద ఆలోచనలు తప్పక పంపండి. కానీ మోప్కా పొలాల కోసం ఏదైనా చేయాలనుకుంటే, ముందు ఇక్కడ పొలం ఉన్న ఇంటి పిల్లను మీ జట్టులో చేర్చుకోండి. పేడ గురించి అడిగిన పాపను, ఉదాహరణకు.

బదిలీ వచ్చినప్పుడు టీచర్లు చార్జి జాబితా రాసి ఇస్తారు. బీరువా ఒకటి, కుర్చీలు రెండు, తెలుగు నిఘంటువు ఒకటి అని. ఈ ఏడాది మా జాబితాలో కింద ఇంకో రెండు వరుసలు చేర్చాం: కరివేపాకు మొక్క 1, మునగ మొక్కలు 2, ఎరువు గొయ్యి 1, నెలకోసారి తిరగవేయాలి. ఎదురుగా ఆ పాప సంతకం ఉంది.