టైమెంతయిందో ఎవర్నడగాలి?

కూతురు రేవతికి తగిన వరుడెవరో అడిగి తెలుసుకుందామని కకుద్మి మహారాజు ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లాడట. అప్పుడక్కడ గంధర్వగానం సాగుతోంది. పాట మధ్యలో అడగడం బాగుండదని కాసేపు ఆగాడు. పాటయ్యాక తన మనసులో ఉన్న రాకుమారుల సంగతి చెబితే బ్రహ్మదేవుడు నవ్వాడు. ఈ కాసేపట్లోనే భూలోకంలో 27 మహాయుగాలు గడిచిపోయాయని, ఆ రాకుమారులే కాదు వాళ్ల మనవలూ మునిమనవలూ కూడా మిగల్లేదని చెప్పాడు. భాగవతం నవమ స్కంధంలోని కథ ఇది. పాపం, కకుద్మి లెక్కలో తప్పేమీ లేదు. తాను లేనిచోట కాలం ఎంత నడిచిందో తెలిసే దారే అతనికి లేదు.

అలాంటి కకుద్ములు ఇప్పుడు లక్షల్లో ఉన్నారు. మన డబ్బుల లెక్కలు, టికెట్లు, సర్టిఫికెట్లు చాలావరకు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. వాటి పేరు వర్చువల్ మెషీన్లు!

ఒకే ఇల్లు.. పది వాటాలు

వెనకటికి ఆఫీసుల్లో ఒక్కో పనికి ఒక్కో కంప్యూటర్ ఉండేది. జీతాల లెక్కలకొకటి, ఈమెయిళ్లకొకటి, వెబ్‌సైట్‌కొకటి. రోజులో చాలాసేపు అవి ఖాళీగానే ఉండేవి. కరెంటు బిల్లు, ఏసీ ఖర్చు మాత్రం తప్పేవి కావు. అందుకే ఒక పెద్ద కంప్యూటర్‌ను కొని, సాఫ్ట్‌వేర్ సాయంతో దాన్నే పది, ఇరవై కంప్యూటర్లుగా వాడుకునే పద్ధతి వచ్చింది. ఐబీఎం తన భారీ కంప్యూటర్ల కోసం 1972లోనే ఇలాంటి ఏర్పాటును తెచ్చింది. 1999లో వీఎంవేర్ సంస్థ దాన్ని మామూలు పీసీల్లోకి దించింది. ఇవాళ మనం 'క్లౌడ్' అంటున్నది చాలావరకు దీనిమీద నడుస్తున్నదే.

పెద్ద ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టే ఇదీ. అసలు కంప్యూటర్ ఇంటి యజమాని. దాన్ని హోస్ట్ అంటారు. లోపలుండే ఉత్తుత్తి కంప్యూటర్లు అద్దెకున్నవాళ్లు. వాటిని గెస్టులంటారు. ప్రతి గెస్టూ ఇల్లంతా తనదేననుకుంటుంది. పక్క వాటాలో ఎవరున్నారో దానికి తెలియదు. ప్రాసెసర్ మాత్రం అందరికీ ఉమ్మడి. పాతకాలం ఇళ్లలో నూతి దగ్గర వంతులేసుకున్నట్టు, యజమాని దాన్ని సెకనులో ఎన్నో చిన్న చిన్న వంతులుగా పంచుతుంటాడు. వంతు వచ్చినప్పుడు గెస్టు పనిచేస్తుంది. రానప్పుడు ఉన్నది ఉన్నట్టుగా ఆగిపోతుంది. ఆగిపోయానన్న సంగతి కూడా దానికి తెలియదు. చిక్కంతా అక్కడే వస్తోంది.

సోమవారం పడుకుని.. గురువారం లేస్తే

అసలు కంప్యూటర్‌లో టైమ్ ఎలా నడుస్తుంది? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. కంప్యూటర్ ఆపేసినా లోపలి చిన్న గడియారాన్ని అది నడిపిస్తూనే ఉంటుంది. ఇంట్లోని పాత పీసీని ఆన్ చేయగానే తేదీ ఏళ్లకేళ్లు వెనక్కిపోయి కనిపించడం చాలామందికి అనుభవమే. ఆ బ్యాటరీ అయిపోయిందన్నమాట. కంప్యూటర్ ఆన్ కాగానే ఆ గడియారాన్ని ఒకసారి చూసుకుంటుంది. అక్కణ్నుంచి తన లెక్క తనే పెట్టుకుంటుంది. పాత పద్ధతిలో సెకనుకు 100 నుంచి 1000 వరకు 'టిక్కు'లు వస్తాయి. వచ్చిన ప్రతి టిక్కునూ లెక్కలో వేసుకుంటూ పోవాలి.

సొంత కంప్యూటర్‌లో ఇది బాగానే సాగుతుంది. అద్దె వాటాలోనే తంటా. టిక్కు వచ్చిన క్షణానికి గెస్టు వంతు కాకపోతే యజమాని దాన్ని దాచిపెట్టి తర్వాత ఇవ్వాలి. పని ఒత్తిడి పెరిగితే అలాంటివి పదులూ వందలూ పేరుకుపోతాయి. కొన్ని అందకుండా పోతే గెస్టు గడియారం వెనకబడుతుంది. దాచినవన్నీ ఒక్కసారే కుమ్మరిస్తే ఉరుకులు పెడుతుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు టిక్కుల మీద ఆధారపడటం బాగా తగ్గించి, ప్రాసెసర్‌లోని కౌంటర్‌ను చదువుకుంటున్నాయి. కేవీఎం అనే పద్ధతిలోనైతే యజమాని తన టైము లెక్కను గెస్టుకు కనిపించేలా ఓ పలక మీద రాసిపెట్టినట్టు ఉంచుతాడు. వీటివల్ల టిక్కుల బాధ చాలావరకు తీరింది. కకుద్మి బాధ మాత్రం అలాగే ఉంది.

ఎలాగంటే.. నడుస్తున్న గెస్టును ఉన్నపళంగా ఆపి, ఫొటో తీసినట్టు డిస్కులో దాచేయొచ్చు. సోమవారం రాత్రి 9 గంటలకు దాచినదాన్ని గురువారం ఉదయం లేపారనుకోండి. తనంతట తానుగా చూసుకుంటే దానికింకా సోమవారం రాత్రి 9 గంటలే! ఒక హోస్టు నుంచి ఇంకో హోస్టుకు గెస్టును మార్చేటప్పుడూ రెప్పపాటు నిద్ర తప్పదు. నిద్ర ఎంతసేపన్నది పడుకున్నవాడు చెప్పలేడు. మేలుకుని ఉన్నవాణ్ని అడగాల్సిందే.

నాలుగు నిమిషాల నింద

నాలుగు సెకన్లో, నాలుగు నిమిషాలో తేడా వస్తే కొంపలేం మునిగిపోతాయి అనిపించొచ్చు. ఏసీ తత్కాల్ టికెట్ కోసం పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు మాత్రం సెకను విలువ తెలుసు. గోడ గడియారం పది దాటి ఎంతయినా, లెక్కలోకి వచ్చేది అవతలి సర్వర్ టైమే. ఫోన్‌లోని ఆథెంటికేటర్ యాప్ చూపించే ఆరంకెల కోడ్ మామూలుగా 30 సెకన్లకోసారి మారుతుంది. ఫోనూ సర్వరూ తమ తమ గడియారాలు చూసుకుని ఎవరికి వారే ఆ కోడ్‌ను లెక్కగడతాయి. టైము కలవకపోతే కోడూ కలవదు. చాలా ఆఫీసుల్లో లాగిన్ కోసం వాడే కెర్బెరోస్ అనే విధానం మామూలుగా 5 నిమిషాలకు మించి తేడాను ఒప్పుకోదు. పాస్‌వర్డ్ సరైనదే కొట్టినా బయటే నిలబెడుతుంది.

ఇవన్నీ చికాకులే. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఓ చిన్న కంపెనీ ఖాతాలోంచి సొమ్ము మాయమైందనుకుందాం. లాగిన్ వివరాలు ఒక గెస్టులో, పాస్‌వర్డ్ మార్పులు ఇంకో గెస్టులో, చెల్లింపులు మూడోదాంట్లో నమోదవుతాయి. నిజానికి దొంగ 10.02కి పాస్‌వర్డ్ మార్చాడు. 10.03కి లాగినయ్యాడు. 10.04కి సొమ్ము దాటించాడు. కానీ చెల్లింపుల గెస్టు నాలుగు నిమిషాలు వెనకబడి ఉంది. దాని చిట్టాలో సొమ్ము పోయింది 10 గంటలకే! దొంగ రాకముందే దొంగతనం జరిగిపోయినట్టు కాగితం మీద కనిపిస్తుంది. మరి 10 గంటలకు లాగినై ఉన్నదెవరు? రోజూలాగే వేళకొచ్చి తన పని తాను చేసుకుంటున్న అకౌంటెంట్. పోలీసుల ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సింది అతనే. గడియారం చెప్పిన అబద్ధానికి మనిషి ముద్దాయి అయ్యే పరిస్థితి!

దేశంలో సైబర్ భద్రతను చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో టైము ప్రస్తావన ఉన్నది ఇందుకే. డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటర్ల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైము సర్వర్లతో గానీ, వాటితో సరిపోలే సర్వర్లతో గానీ కలుపుకోవాలన్నది అందులోని మాట. చిట్టాలను 180 రోజులు భద్రపరచాలని కూడా చెప్పింది. టైము తప్పుల చిట్టాను ఎన్నాళ్లు దాచి ఏం లాభం?

ఉత్తరం రాసి అడిగినట్టు..

మరి సరైన టైమును అడిగేదెలా? 'పది గంటలైంది' అన్న జవాబు నెట్‌వర్క్‌లో ప్రయాణించి వచ్చేసరికి పది దాటిపోతుంది కదా! దీనికి ఉపాయం చెప్పినవాడు అమెరికాలోని డెలావేర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ మిల్స్. నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్.. అంటే ఎన్‌టీపీని ఆయన 1985లో లోకానికిచ్చారు. పుట్టుకతోనే గ్లకోమా ఉన్న మిల్స్‌కు చివరి ఏళ్లలో చూపు పోయింది. 2024 జనవరిలో, 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన ఉపాయం ఇంట్లో పిల్లలకూ చెప్పొచ్చు. మీ గడియారంలో సరిగ్గా 10 గంటలప్పుడు టైమెంతని అడిగారు. 4 సెకన్ల తర్వాత జవాబొచ్చింది. అందులో '10 గంటల 7 సెకన్లు' అని ఉంది. రానూపోనూ ప్రయాణం సమానమే అనుకుంటే, అవతలివాళ్లు గడియారం చూసింది మీ లెక్కలో 2 సెకన్లప్పుడు. వాళ్లకు 7, మీకు 2. అంటే మీరు 5 సెకన్లు వెనకున్నారు! ఇలా ఒకసారి కాదు, పదే పదే, ఒకరిని కాదు, నలుగురిని అడిగి తేల్చుకుంటుంది ఎన్‌టీపీ.

తేడా తెలిశాక ముల్లును ఒక్కసారి తిప్పేయడమూ మంచిది కాదు. ముందుకెళ్లిన గడియారాన్ని టపీమని వెనక్కి తిప్పితే అదే నిమిషం రెండుసార్లు వస్తుంది. అప్పుడు రాసిన బిల్లుల్లో ఏది ముందో ఏది వెనకో తెలియదు. అందుకే ఎన్‌టీపీ ప్రోగ్రామ్ చిన్న తేడాలను సెకనుకు అర మిల్లీసెకను మించకుండా మెల్లగా సర్దుతుంది. ఆ లెక్కన ఒక్క సెకను సరిచేయాలంటే 2000 సెకన్లు, అంటే అరగంట దాటుతుంది. తేడా 1000 సెకన్లు మించితే మాత్రం ఎక్కడో ఏదో పెద్ద పొరపాటు జరిగిందని అనుమానపడి, దిద్దకుండా తనే ఆగిపోతుంది. మామూలు కంప్యూటర్‌కది మంచి జాగ్రత్తే. సోమవారం పడుకుని గురువారం లేచిన గెస్టుకు మాత్రం సరిగ్గా అవసరమైన వేళకే దిక్కులేకుండా పోతుంది. అందుకని నిద్ర లేపినప్పుడు ఒక్కసారి యజమానే టైము చెప్పే ఏర్పాటు ఉండాలి. తర్వాత రోజువారీ సర్దుబాట్లు ఎన్‌టీపీ చూసుకుంటుంది.

మిల్లు కూత.. వాచీల కొట్టు

ఓ పాత కథ ఉంది. ఊళ్లో మిల్లు సైరన్ మోగించే వాచ్‌మన్ రోజూ దారిలో వాచీల కొట్టు దగ్గర ఆగి, అక్కడి గడియారంతో తన వాచీ కలుపుకొనేవాడట. ఓ రోజు కొట్టాయన్ని అడిగాడు.. 'మీ గడియారం ఇంత కచ్చితంగా ఎలా ఉంటుందండీ?' అని. 'ఏముంది, రోజూ మీ మిల్లు కూతకు కలుపుకొంటాను' అన్నాడాయన!

వర్చువల్ మెషీన్లలో ఈ కథ నిజంగానే జరుగుతుంటుంది. ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ టైము చెప్పే సర్వర్‌ను కూడా ఓ గెస్టుగా పెడతారు. అది తన హోస్టును అడుగుతుంది. ఆ హోస్టేమో ఆఫీసు నియమం ప్రకారం మళ్లీ ఆ గెస్టునే అడుగుతుంది. ఇద్దరూ ఒకరినొకరు నమ్ముకుని, చేతులు పట్టుకుని, మెల్లగా దారి తప్పుతారు. వాళ్లిద్దరి మధ్యా తేడా ఉండదు కాబట్టి తప్పని ఎవరికీ అనిపించదు.

ఇంకో తప్పు దీనికి ఎదురు. హోస్టు ఏర్పాటూ, గెస్టులోని ఎన్‌టీపీ రెండూ నిత్యం ఒకే గడియారాన్ని దిద్దుతుంటాయి. ఒకరు ముందుకు లాగితే ఒకరు వెనక్కి! అనుభవమున్న అడ్మినిస్ట్రేటర్లు పాటించే సూత్రాలు అందుకే మూడే. ముందు హోస్టు గడియారం సరిగా ఉండాలి. హోస్టు తన గెస్టును కాక బయటివాళ్లను అడగాలి. గెస్టుకు రోజువారీ గురువు ఒక్కరే ఉండాలి.

పెద్ద గడియారం ఎక్కడుంది?

ఇలా ఒకరినొకరు అడుగుతూ పోతే చివరికి ఎవరి దగ్గర ఆగాలి? మన దేశానికి ఆ జవాబు ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ. భారత కాలమానానికి ఆధారమైన అణు గడియారాలు అక్కడున్నాయి. సీజియం అణువు తాలూకు తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగితే ఒక సెకను. 1967 నుంచి ప్రపంచమంతటికీ సెకనంటే ఇదే. మన కాలమానానికి ఎంచుకున్న 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ దగ్గర నుంచే పోతుంది. కాబట్టి దేశం మొత్తానికి టైము చెప్పే గీత మన గడప పక్కనే ఉందనుకోవచ్చు.

ఇంట్లో చేసుకోదగ్గ పని చిన్నదే. ఫోన్‌లో, కంప్యూటర్‌లో తేదీ, సమయం 'ఆటోమేటిక్'గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆటల కోసమో, గడువు దాటిన యాప్ కోసమో పిల్లలు తేదీ మార్చేస్తే మళ్లీ సరిచేయాలి. ఉన్నట్టుండి వెబ్‌సైట్లన్నీ భద్రత లేదని హెచ్చరిస్తుంటే, ఒకసారి తేదీ వంక చూడాలి. సైట్లు ఇచ్చే సర్టిఫికెట్లకూ గడువు తేదీలుంటాయి మరి.

కకుద్మి కథ చివర్లో సుఖాంతమే. బ్రహ్మ చెప్పింది విని, తన లెక్కే నిజమని పట్టుబట్టకుండా భూమికి తిరిగొచ్చి, రేవతిని బలరాముడికిచ్చి పెళ్లి చేశాడు. 27 మహాయుగాలు వెనకబడ్డవాడు కూడా అడగాల్సినవాణ్ని అడిగాడు కాబట్టి ముహూర్తానికి అందుకున్నాడు!