పక్కకు జరిగి చూడండి

ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ. బిలాస్‌పూర్ నుంచి ముంగేలీ వెళ్లే దారిలోని తఖత్‌పూర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా టీవీ దుకాణంలో వినిపించే మంత్రాలివే. నిజానికి మొదటి మూడూ ఎల్‌సీడీలే. వెనుక దీపాలు, ముందు తెర. క్యూఎల్‌ఈడీలో రంగులకు పదును పెట్టే పొర ఒకటి అదనం, మినీ ఎల్‌ఈడీలో దీపాలు మరీ చిన్నవి, చాలా ఎక్కువ. ఓఎల్‌ఈడీ ఒక్కటే వేరే జాతి. అందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఆరుతుంది. అందుకే నలుపు నలుపుగానే ఉంటుంది. ఒకప్పుడు ఆ గుణానికి దగ్గరగా వచ్చిన ప్లాస్మాను పానాసోనిక్ 2013లో, శామ్‌సంగ్, ఎల్‌జీ 2014లో వదిలేశాయి.

అలాగని అప్పు చేసి ఓఎల్‌ఈడీ కొనాలా? సొంతూరికి దూరంగా బిలాస్‌పూర్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాన్ని ఊహించుకోండి. పొద్దున లేస్తే తెలుగు వార్తా చానల్. మూలన లోగో, కింద పరుగులు తీసే స్క్రోలింగ్, ఆపైన ఎర్రటి బ్రేకింగ్ పట్టీ. గంటల తరబడి కదలని ఆ గుర్తులు ఏళ్లు గడిచేసరికి ఓఎల్‌ఈడీ తెర మీద మరకలా మిగిలిపోయే ప్రమాదం ఉంది. దానికి వారంటీ వర్తిస్తుందో లేదో ముందే చదువుకోవాలి. రాత్రిళ్లు దీపాలార్పి సినిమాలు చూసేవారికి అది అద్భుతం. వార్తల ఇంటికి మాత్రం కాదు.

ఎల్‌సీడీల్లోనూ రెండు రకాలున్నాయి. పెట్టె మీద సాధారణంగా ఆ సంగతి ఉండదు. వీఏ రకంలో నలుపు గాఢంగా ఉంటుంది కానీ పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్‌లో పక్క చూపు బాగుంటుంది, నలుపు బూడిదగా తేలుతుంది. నలుగురూ గది నలుమూలలా కూర్చునే ఇంటికి ఐపీఎస్ మేలు. దుకాణంలో తెర ముందు నుంచి పక్కకు జరిగి చూస్తే తేలిపోతుంది.

ఇక 4కే. చుక్కలు 83 లక్షలు, ఫుల్ హెచ్‌డీలో 21 లక్షలు. కానీ మామూలు ఎస్‌డీ చానల్ పంపేది సుమారు 4 లక్షలే. మిగతాది టీవీ అల్లుకునే ఊహ. పైగా 43 అంగుళాల తెరను ఆరడుగులు దాటి చూస్తే ఈ తేడాను మామూలు కన్ను పెద్దగా పట్టలేదు. దుకాణంలో తిప్పే నెమళ్ల వీడియో ఆపించి, మీరింట్లో చూసే చానలే పెట్టించండి. మొహమాటం అనవసరం.

32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కలపక ముందు ధర రూ.40,000 అయితే మిగిలేది రూ.4,000. దాన్ని ఇంకో నాలుగంగుళాల తెర మీద కన్నా సౌండ్‌బార్ మీద పెట్టడం నయం. పలచటి టీవీల్లో స్పీకర్లూ పలచనే. బిల్లు కట్టే ముందు ఒక ప్రశ్న: ప్యానెల్‌కు వారంటీ ఎన్నేళ్లు, బాగు చేసేవారు తఖత్‌పూర్ దాకా వస్తారా? జవాబు కాగితం మీద రాయించుకోండి.