సెలవులో ఆఖరి దినము



ప్రతి నెలా ఈ పేజీలో ఎవరో ఒకరి కుటుంబపు సంగతి చెప్పుకుంటూ వచ్చాము. ఈ నెల నా ఇంటి సంగతే వ్రాస్తున్నాను. ఇందులో తప్పు నాది. నా భార్య అనుమతి తీసుకొనే వ్రాస్తున్నాను.

మాకు వివాహమై ఇరవై సంవత్సరాలు నిండినప్పుడు సంఘపు పెద్దలు ఒక కవరు నా చేతికిచ్చారు. "అయ్యగారూ, ఈ డబ్బు మందిరపు ప్రహరీకి పెట్టకండి. అమ్మగారిని తీసుకొని నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళిరండి" అన్నారు. ఎక్కడికి వెళదామని ఆమెనడిగితే, ఆలోచించకుండా "సాగర్‌కు" అన్నది. నాకు నవ్వు వచ్చింది. గురజాల దగ్గర ఉండే మనకు నాగార్జునసాగర్ ఎంత దూరం? రెంటచింతల మీదుగా మాచర్ల చేరి, బస్సు మారితే వచ్చేస్తుంది. "మైసూరో, ఊటీయో అంటావనుకున్నాను" అన్నాను. "సాగర్‌కే వెళదామండీ" అన్నది. ఎందుకని నేను అడగలేదు.

దసరా సెలవులలో పిల్లలను మా అమ్మ దగ్గర విడిచి, సోమవారం బయలుదేరాము. విజయపురి సౌత్‌లో, అంటే మనవాళ్ళు రైట్ బ్యాంక్ అనే ఊళ్ళో, ఒక చిన్న గది తీసుకున్నాము. మంగళవారం ఎత్తిపోతల చూశాము. చంద్రవంక వాగు డెబ్బయి అడుగుల ఎత్తునుండి దూకుతుంటే ఆమె చిన్నపిల్లలా చూస్తూ నిలబడింది. నేను ఆ హోరుకు ఫోను వినబడక, దూరంగా వెళ్ళి మాట్లాడుతున్నాను. బుధవారం అనుపు వెళ్ళాము. అక్కడా అంతే. ఎవరి పొలం గట్టు తగాదా, ఎవరి బిడ్డకు జ్వరం, ఆదివారపు ప్రసంగం. శరీరం సాగర్‌లో ఉన్నది, మనస్సు మా ఊరి మందిరపు అరుగు మీద ఉన్నది.

గురువారం మా సెలవులో ఆఖరి దినము. తెల్లవారకముందే లేచి సంచి సర్దడం మొదలుపెట్టాను. "ఉదయం బస్సుకే వెళ్ళిపోదాం. రేపు ఉపవాస కూటం ఉన్నది, సిద్ధపడాలి" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. తడి తువ్వాలు మడిచి సంచిలో పెట్టింది. ఆ మౌనం నాకు అలవాటే గనుక అంగీకారమనుకున్నాను.

అంతలో మా సంఘపు పెద్ద ఒకాయన ఫోను చేశారు. "అయ్యగారూ, రేపటి కూటం మేము నడిపించుకుంటాము. మీరు తొందరపడి రాకండి" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు సంతోషం కలుగలేదు. నేను లేకపోయినా కూటం జరిగిపోతుందా అని మనస్సు చివుక్కుమన్నది. సేవకులైన నా సహోదరులకు ఈ బాధ తెలిసే ఉంటుంది. మన సేవ అనుకునేదానిలో మన గర్వం ఎంత కలిసి ఉంటుందో అలాంటి ఘడియలోనే బయటపడుతుంది.

సంచి పక్కన పెట్టి, "మరి ఈ రోజు ఏం చేద్దాం?" అన్నాను. "లాంచీ ఎక్కుదామండీ. రేపు శుక్రవారం, కొండమీద మ్యూజియంకు సెలవు. ఈ రోజే చూడాలి" అన్నది. ఆమె అన్నీ కనుక్కొనే ఉన్నది. అడగడానికే సందు దొరకలేదు.

లాంచీ కదిలిన తరువాత ఆమె అందరిలా కొండవైపు చూడలేదు. ఆనకట్టవైపు తిరిగి కూర్చున్నది. కొంతసేపటికి, "ఏమండీ, మా అమ్మ ఇక్కడే పుట్టింది" అన్నది.

నాకు అర్థం కాలేదు. మా అత్తగారు ప్రభువునందు నిద్రించి రెండేళ్ళు. ఆమె సమాధి కూటంలో ముప్పావుగంట ప్రసంగించినది నేనే. ఆమె విశ్వాసం గురించి, ఓర్పు గురించి చెప్పాను. ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు.

ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. వాళ్ళ అమ్మమ్మ పెళ్ళయిన కొత్తలో భర్తతో కలిసి కూలికి ఇక్కడికి వచ్చిందట. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట యంత్రాలతో లేచినది కాదు. రాతి కట్టడం. వేలాదిమంది కూలీలు రాళ్ళూ, సున్నమూ, సిమెంటూ మోసి, వరుస మీద వరుస పేర్చారు. ఆ మోసినవారిలో వాళ్ళ అమ్మమ్మ ఒకతె. కూలీల గుడిసెల్లోనే మా అత్తగారు పుట్టింది. పసిబిడ్డను చెట్టుకు చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టి, తల్లి రాళ్ళ గమేళా ఎత్తుకునేదట. "చచ్చేలోగా ఒక్కసారి సాగర్ చూడాలని అమ్మ అంటూ ఉండేది. నేను మీతో రెండు మూడుసార్లు అన్నాను. కూటాలయ్యాక చూద్దామన్నారు."

ఆ మాట నేనన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. అనే ఉంటాను. ఎందరికో అన్నాను.

తలెత్తి ఆనకట్ట చూశాను. అంతకుముందు ఎన్నిసార్లో చూశాను గాని, ఇరవై ఆరు గేట్లు, 590 అడుగుల నీటిమట్టం, ఈ లెక్కలే తెలుసు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. అప్పటినుండే కుడి కాలువ నీళ్ళు పల్నాటి చేలకు వస్తున్నాయి. మా సంఘస్థులు కోతలయ్యాక కానుకగా తెచ్చే బియ్యం ఆ నీళ్ళతో పండినవే. ఇరవై ఏళ్ళుగా నేను తింటున్న అన్నం వెనుక నా భార్య అమ్మమ్మ మోసిన రాళ్ళున్నాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలియదు.

కొండ చేరాము. ఒకప్పుడు అది లోయలోని కొండ. క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి దాని చుట్టూ ఉండేది. ఆనకట్ట వలన లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుండి 1960 వరకు త్రవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండమీదకూ అనుపుకూ తరలించారు. మిగిలిన పట్టణం, దానితోపాటు మన కాలపు ఊళ్ళు కూడా, ఈ నీళ్ళ అడుగున ఉన్నాయి. చనిపోయినవారి జ్ఞాపకార్థం ఆ కాలంలో ఛాయాస్తంభాలు నిలిపేవారు. చాంతమూల మహారాజుకు అలాంటి స్తంభం ఉన్నది. రాజుకు రాతి మీద పేరున్నది. రాళ్ళు మోసిన అమ్మమ్మకు ఏ రాతి మీదా లేదు. ఆమె పేరేమిటని నా భార్యను అడిగాను. చెప్పింది. ఆ పేరు వినడం నాకు అదే మొదలు.

చెట్టు నీడన కూర్చొని, తెచ్చుకున్న పులిహోర తిన్నాము. ఆమె వాళ్ళమ్మ గురించి మాట్లాడుతూనే ఉన్నది. మధ్యలో ఏడ్చింది, నవ్వింది కూడా. రెండేళ్ళ దుఃఖం ఆమె లోపల అలాగే ఉన్నదని నాకు అప్పుడు తెలిసింది. ఊళ్ళో ప్రతి ఇంటి దుఃఖం వినడానికి అర్ధరాత్రి లేచి వెళ్ళేవాడిని. నా ఇంట్లోని దుఃఖం వినడానికి నన్ను లాంచీ ఎక్కించి, నీళ్ళ మధ్యకు తీసుకుపోవలసి వచ్చింది. ఉదయం బస్సు ఎక్కి ఉంటే, ఎప్పటికీ విని ఉండేవాడిని కాదేమో.

మార్కు సువార్త ఆరవ అధ్యాయంలో, వచ్చేవారు పోయేవారితో శిష్యులకు భోజనానికైనా తీరిక లేనప్పుడు, ప్రభువు వారిని ఏకాంత స్థలానికి తీసుకొనిపోయాడు. ఆ భాగం మీద చాలాసార్లు ప్రసంగించాను. అది నాకు కూడా చెప్పిన మాటేనని ఎన్నడూ అనుకోలేదు.

ప్రియులారా, మనవి రైతు కుటుంబాలు. విహారయాత్రలకు డబ్బెక్కడిదంటారు. నిజమే. పత్తి తీతకూ మిరప కోతకూ మధ్య ఒక్కరోజు చాలు. అన్నం మూటకట్టుకొని ఎత్తిపోతలకు వెళ్ళండి. కాలువ గట్టైనా సరే. అయితే వెళ్ళినచోట ఉండండి. ఆఖరి రోజున పొద్దున్నే సంచి సర్దకండి. చాలామంది ఇళ్ళలో అసలు మాట ఆఖరి రోజుకే నోట వస్తుంది. మనం అప్పటికే బస్సు టైము చూసుకుంటూ ఉంటాము. సహోదరులారా, మీ భార్య ఫలానా చోటికి వెళదామంటే, ఎందుకని ఒక్కసారి అడగండి. అడిగి, ఆమె చెప్పేవరకు ఊరుకోండి.

ఆ రాత్రి ఆఖరి బస్సుకు ఇల్లు చేరాము. మా బైబిలు మొదట్లో కుటుంబ వివరాలు వ్రాసుకునే పేజీ ఒకటి ఉన్నది. మా అత్తగారి పేరు కింద మరణ దినము మాత్రమే నేను వ్రాసి ఉంచాను. దీపం దగ్గర కూర్చొని, దాని పైన వ్రాశాను: పుట్టిన స్థలము, నాగార్జునసాగర్ కూలీల గుడిసెలు. ఆ పైన అమ్మమ్మ పేరు వ్రాశాను. నా భార్య పక్కనే నిలబడి, పేరులో ఒక అక్షరం తప్పు వ్రాశానని చూపించి, దిద్దించింది.