బరువులెత్తేవారికి గజ్జల్లో నొప్పి

ప్రశ్న: నా వయసు 24. రెండేళ్లుగా ఉదయంపూట బరువులెత్తే వ్యాయామం చేస్తున్నాను. సీజనులో గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోస్తాను. మూడు నెలలుగా కుడి గజ్జలోనూ, నడుములోనూ నొప్పి. నరం బెణికిందని ఒకరు, వేడి చేసిందని ఒకరు, హెర్నియా అని ఒకరు అంటున్నారు. ఆపరేషను అయితే ఇక బరువులెత్తకూడదట. త్వరలో పెళ్లి. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను.
– ఒక పాఠకుడు, చిలకలూరిపేట

జవాబు: ముందుగా సిగ్గు విడిచిపెట్టండి. మీ జబ్బుకంటే అదే మీకు ఎక్కువ హాని చేస్తోంది.

నొప్పి ఉన్నచోటే జబ్బు ఉండాలని లేదు. నడుము, తుంటి కీలు, తొడ కండరాలు, మూత్రపిండం – వీటిలో దేనికి బాధ కలిగినా గజ్జలో తెలియవచ్చు. అందుకని ఈ సంగతులు గమనించండి.

నిలబడి దగ్గండి. గజ్జలో ఉబ్బు కనిపించి, పడుకుంటే లోపలికి పోతున్నదా? అయితే అది హెర్నియా కావచ్చు. దీన్ని వరిబీజమని పొరబడేవారున్నారు. లంగోటా బిగించినంత మాత్రాన ఇది నయం కాదు.

మోకాళ్లమధ్య దిండు పెట్టి నొక్కినప్పుడు తొడ లోపలివైపు నొప్పి వస్తే కండరం బెణికి ఉండవచ్చు. గొంతుకూర్చున్నప్పుడు, తొడను లోపలికి తిప్పినప్పుడు గజ్జలో పట్టేస్తే తుంటి కీలును పరీక్ష చేయించాలి. నొప్పి పిరుదునుంచి మోకాలి కిందకు దిగుతూ, తిమ్మిరి ఉంటే వెన్నుపూసలమధ్య డిస్కును అనుమానించాలి.

ఎలా పడుకున్నా, కూర్చున్నా ఉపశమనం లేక, డొక్కలోనుంచి గజ్జకు తెరలు తెరలుగా నొప్పి వస్తే మూత్రంలో రాయి ఉందేమో చూడాలి. ఎండలో చెమటోడ్చి, చాలినన్ని నీళ్లు తాగనివారికి రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ. తెల్లవారి లేవగానే నడుము బిగుసుకుపోయి, తిరిగితే సర్దుకుంటుంటే అది కీళ్లవాతం కావచ్చు. సాయంత్రంపూట జ్వరం, బరువు తగ్గటం ఉంటే వెన్నెముక క్షయ ఉందేమో చూడాలి. మీరు పుట్టి పెరిగింది కనిగిరి, దర్శి వైపు అయితే, తాగిన నీటిలోని ఫ్లోరైడు సంగతికూడా డాక్టరుగారికి చెప్పండి.

ఇవి అనుమానానికి దారి చూపే గుర్తులే. నిర్ధారణ చేయవలసింది సర్జన్, మిమ్మల్ని నిలబెట్టి, పడుకోబెట్టి పరీక్ష చేసి. అవసరమైతే స్కానింగు, మూత్రపరీక్ష చేయిస్తారు. అంతవరకు బరువులు, బస్తాలు మానండి. నడక మానవద్దు. గజ్జలో మాలీషు చేయించవద్దు. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని రోజుల తరబడి మింగవద్దు. కడుపులో పుండు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

లోపలికిపోని ఉబ్బు, దానితో వాంతులు. హఠాత్తుగా వృషణంలో భరించలేని నొప్పి. మూత్రం బిగుసుకుపోవటం, మర్మాంగాలవద్ద స్పర్శ తెలియకపోవటం – వీటిలో ఏది వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లండి.

ఇక మీ భయాల సంగతి. హెర్నియావల్ల మగతనం పోతుందనటం అపోహ. ఆపరేషను తర్వాత కొన్ని వారాలు ఆగి, సర్జన్ అనుమతితో క్రమంగా బరువులు పెంచుకుంటూ పూర్వంలా పనిచేసేవారు ఎందరో ఉన్నారు. 2018 కామన్వెల్త్ క్రీడల్లో 338 కిలోలెత్తి బంగారు పతకం తెచ్చిన రాగాల వెంకట్ రాహుల్‌ది మీకు దగ్గరలోని స్టువర్టుపురమే. అంతటి బరువు మొండిధైర్యంతో లేవదు. ఒంటిమాట వింటూ సాధన చేయాలి. 40, 45 కిలోల టిక్కీకైనా అంతే. మోకాళ్లు వంచి, బస్తాను ఒంటికి దగ్గరగా పెట్టుకొని లేవండి. బరువుతో నడుము మెలితిప్పకండి.

పెళ్లికి ముందే ఒకసారి సర్జన్‌కు చూపించుకోండి. మనసులో బరువు దిగుతుంది.