చిత్రశాలకు దాత కావలెనా, సభ్యులు కావలెనా?

మన కళాశాల వార్షికోత్సవ సందర్భమున ప్రతి సంవత్సరము చిత్రకళా ప్రదర్శన జరుగుతుంది. ఒక గోడపై ఉర్దూ విభాగము వారి ఖత్తాతీ, ఎదుటి గోడపై తెలుగు అక్షరచిత్రములు, నడుమ ప్రకాశం బ్యారేజీని, కొండపల్లి కోటను నీటిరంగులలో దింపిన పటములు. అతిథులు మెచ్చుకొంటారు, బహుమతులు పంచుతాము. మరునాడు మేకులు ఊడబెరికి, పటములను చుట్టచుట్టి విద్యార్థుల చేతికి ఇచ్చి పంపుతాము. ఆ తరువాత ఆ పటములు ఏమైనవో, వాటిని గీసిన చేతులు ఏమైనవో మనలో ఎవరమూ విచారించినది లేదు. ఈ సంవత్సరము నేను విచారించినాను.

తెలిసిన సంగతులు సంతోషము కలిగించేవి కావు. రెండు గదుల ఇంట ఆరుగురు నివసించేచోట, అందరూ నిద్రించిన పిదప వంటగది గట్టుపై కాగితము పరచుకొని గీసే విద్యార్థిని ఒకతె ఉన్నది. పట్టా పుచ్చుకొన్న తరువాత కుంచె ముట్టనివారే హెచ్చు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతము నీట మునిగినప్పుడు, మన పాత విద్యార్థి ఒకని నాలుగేండ్ల చిత్రములు మంచము క్రింది ట్రంకుపెట్టెలోనే బురదయై పోయినవి. ప్రాణములు దక్కినవి, అదే పదివేలు అని అతని తల్లిగారు నాతో అన్నారు. ఆమె అన్నది ముమ్మాటికీ నిజము. అయినను ఆ కుర్రవాడు మరల కాగితము కొనలేదు.

కావలసినది ఒక చోటు అని అందరమూ అంగీకరిస్తాము. ఆ చోటు ఎట్లు సంపాదించవలెననుటలోనే అభిప్రాయభేదము. కార్యవర్గ సభ్యులలో పెద్దలు కొందరు ఉదారుడైన దాత నొకరిని ఆశ్రయించి, ఆయన పేరు చెక్కించి ఒక హాలు కట్టించుదామంటున్నారు. వారి సదుద్దేశ్యమును శంకించను. కాని కళల పేర కట్టిన మందిరములలో పెండ్లి విందులు జరుగుట నేను కన్నులారా చూచినాను. హాలు ఖాళీగా ఉన్నదనగానే ఎవరికో ఒకరికి దానితో పని పడుతుంది. అప్పుడు చిత్రకారుడు తన బల్ల తీసికొని వరండాలోనికి పోవలసినదే, ఎందుకనగా తాళపుచెవి అతనిది కాదు.

తాళపుచెవి తమ చేత ఉంచుకొన్నవారి ఉదాహరణ మనకు దూరమున లేదు. మద్రాసు ప్రభుత్వ కళాశిక్షణాలయమునకు ప్రధానాచార్యులుగా ఉండిన కె.సి.ఎస్. పణిక్కర్ గారు, ఆయన శిష్యులు, సహచరులు కలిసి 1966లో నగరమునకు దక్షిణమున, సముద్రతీరమునగల ఇంజంబాక్కమువద్ద చోళమండలం అను కళాకారుల గ్రామమును స్థాపించినారు. ఆనాడు చిత్రములు కొనేవారు అరుదు. అందుచేత వారు హస్తకళాకారుల సంఘముగా ఏర్పడి, మైనముతో అద్దే బాతిక్ గుడ్డలు మున్నగు వస్తువులను తయారుచేసి విక్రయించినారు. ఆ ఆదాయముతోనే సుమారు పది ఎకరముల ఇసుకనేల కొన్నారు. ఒక దాత దయతలచి ఇచ్చిన నేల కాదది. పనివేళల్లో కొంత భాగము బజారుకు పనికివచ్చే వస్తువుకు కేటాయించి, మిగిలిన భాగమును తమ చిత్రమునకు దక్కించుకొన్న ఏర్పాటు అది. 1977లో పణిక్కర్ గారు గతించినారు, గ్రామము నిలిచినది. 2009లో అక్కడ సమకాలీన కళాకేంద్రము కూడ వెలసినది. గురువు పోయినంతనే శిష్యులు చెదరిపోయే మన దేశమున ఇది చిన్న విషయము కాదు.

మన విద్యార్థులలో ఇట్టివారు ఇంజంబాక్కమువలె గ్రామము కట్టలేరు, నేటి విజయవాడలో సెంటు నేల ధర మనమెరుగనిది కాదు. గ్రామము అక్కరలేదు కూడ. వెలుతురు వచ్చే ఒక మేడగది చాలును. మేడ అని ఊరకే అనలేదు, బుడమేరును తలచుకొనియే అన్నాను.

నిజమునకు కృష్ణాతీరమున ఇట్టి ఉమ్మడి పని క్రొత్త కాదు. పెడన, మచిలీపట్టణముల అద్దకమునే చూడుడు. కలమునకు ఫార్సీ భాషలో ఏ అర్థమో అదే ఉర్దూలోను, తెలుగులోను. కలంకారీ అను మాట మన రెండు విభాగముల ఉమ్మడి ఆస్తి. బందరు పనివారు కలము కంటె చెక్క అచ్చులనే హెచ్చుగా వాడినను పేరు మాత్రము కలముదే మిగిలినది, అది వేరు సంగతి. కరక్కాయ నీటిలో తడిపే తొట్టి, రంగు కాచే రాగి పాత్ర, బట్టలు జాడించే పారుటేరు, ఆరవేసే మైదానము, వీటిలో ఏది ఒక్కని ఇంట ఇమిడేది? అచ్చు చెక్కేవాడు, అద్దేవాడు, ఉతికేవాడు కలిసి ఉంటేనే గుడ్డ తయారవుతుంది. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేసేవారు కూడ సహకార సంఘముగా ఏర్పడినారు. అంతదాక ఏల, ఉదయమున మనము త్రాగే తేనీటిలోని విజయ పాలు ఈ జిల్లా పాడిరైతుల పరస్పర సహాయ సహకార సమితివే. పాలు పోసేవారు యజమానులు కాగలిగినచోట, పటములు గీసేవారు కాలేరా?

ఇక చట్టము మాట. మన రాష్ట్రమున సహకార సంఘములకు 1964 నాటి చట్టము ఒకటి, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వేరొకటి కలవు. మొదటి దానిలో ప్రభుత్వపు వాటాధనము, దానితోపాటు ప్రభుత్వపు అజమాయిషీ వచ్చే అవకాశమున్నది. రెండవ దానిలో ప్రభుత్వమునకు వాటా లేదు. మూలధనము సభ్యులది, నిర్ణయము సర్వసభ్య సమావేశానిది. వేర్వేరు కుటుంబములకు చెందిన పదిమంది వ్యక్తులు కలిసి సంతకము చేసిన నమోదుకు అర్హులు. నా మొగ్గు రెండవ చట్టము వైపే. నిధులు రాకపోవుట దీనిలోని లోపమని కొందరు అంటారు. నా దృష్టిలో అదే దీనిలోని సుగుణము.

లెక్క చెప్పకుండ ఆదర్శము చెప్పుట ఉపన్యాసకులకు అలవాటు, నేను లెక్కయే చెప్తాను. మేడగది అద్దె నెలకు 18,000 రూపాయలు, విద్యుత్తు, ఊడ్చే మనిషి, చిల్లర ఖర్చులు 4,000 అనుకొందము. మొత్తము 22,000. ఇరువదిమంది సభ్యులైతే తలకు 1,100. ఒక్కడే గది తీసికొనుటతో పోల్చిన ఇది స్వల్పము. కాని పరీక్షల కాలమున అయిదుగురు మానుకొన్నారనుకొనుడు, మిగిలిన పదునైదుగురిపై తలకు 1,467 పడుతుంది. ఆ భారమునకు మరి ముగ్గురు జారుకొంటారు. ఇట్టి సంఘములు కూలేది కళాభిరుచి లోపించి కాదు, ఈ మెట్టువద్దనే. కనుక మూడు నెలల ఖర్చు, అనగా 66,000, ముందే నిధిగా ఉండవలెను. తలకు 3,300 వాటాధనము. వెళ్ళిపోదలచినవాడు మూడు నెలల ముందు తెలియజేయవలెను, అతని వాటా అతనికి తిరిగి ముట్టవలెను. ఈ ఒక్క నిబంధన వ్రాసికొనని సంఘమున నేను చేరను.

వడ్డీ విషయమున సందేహించే పెద్దలకు ఒక మాట. ఈ సంఘము అప్పు చేయనక్కరలేదు, వాటాలపై వడ్డీ పంచనక్కరలేదు. ఖర్చు పంచుకొనుట, మిగులు నిధిలో వేయుట, ఇంతయే దీని వ్యవహారము. వక్ఫు చేయవచ్చును గదా అని మరికొందరు అడుగుతారు. వక్ఫు పవిత్రమైన ఏర్పాటు. అందు ముతవల్లీ సంరక్షకుడే గాని యజమాని కాడు. అయితే అక్కడ లబ్ధి పొందేవాడు కూడ యజమాని కాడు. పందొమ్మిదేండ్ల విద్యార్థిని, నాకు మేలు చేసినారు అనుటకు బదులు, ఇది నాది, దీని చీపురు కూడ నాదే అనుకొనవలెనని నా కోరిక.

చీపురు అన్నాను గదా. అసలు తగవులు అక్కడనే వస్తవి. టర్పెంటైను వాసన ఖత్తాతీ వ్రాసేవారికి పడదు, చెక్క చెక్కేవాని పొడి ఆరని రంగుపై వాలుతుంది, ఒకరు కుంచెలు కడుగక తొట్టిలో వదలిపోతారు. విద్యార్థినులకు పగటివేళ నిశ్చింతగా పనిచేసికొనే గంటలు ఉండితీరవలెను, లేనిచో వారి ఇండ్లవారు పంపరు, పంపకుంటే తప్పు వారిది కాదు. వీటికి నెలకొకసారి కూర్చుండి మాటలాడుకొనుట తప్ప దారి లేదు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున ఇరువది యెనిమిదిమంది సామాన్యులు ఒక చిన్న దుకాణము తెరచి, ఎవరి సొమ్ము ఎంతయైనను ఓటు ఒక్కటే అను పద్ధతి పాటించినారు. ఆ పద్ధతి మనకు మరింత అవసరము. పది వాటాలు కొనగల సంపన్నుని కుమారునికి, ఒకే వాటాను రెండు వాయిదాలలో చెల్లించే రిక్షాకార్మికుని కుమార్తెకు కిటికీ ప్రక్క బల్ల వంతు సమానముగా రావలెను.

మన ప్రాంతపు చేనేత సంఘముల చరిత్రనుండి ఒక హెచ్చరిక కూడ గ్రహించవలెను. మగ్గము ముట్టనివారి పేర్లు సభ్యుల పట్టీలో చేరినచోట సంఘము నేతగానిది కాకుండ పోయినది. సంవత్సరమున కొన్ని దినములైనను బల్లవద్ద కూర్చుండి పనిచేయని వ్యక్తికి, ఆయన ఎంతటి పూజ్యుడైనను, నావంటి అధ్యాపకుడైనను, ఓటు ఉండరాదు. మా వంటివారము జమాఖర్చులు సరిచూచుటకు పనికివస్తాము.

కార్యవర్గము వారికి నా మనవి స్వల్పము. హాలు కట్టించవద్దు. విద్యార్థుల వాటాధనము వాయిదాలకు జామీను ఉండుడు, వార్షిక ప్రదర్శనలో అమ్ముడైన పటముల సొమ్ములో అయిదవ వంతు సంఘము నిధికి చేరునట్లు తీర్మానించుడు, చాలును.

పదునెనిమిదేండ్లు నిండిన విద్యార్థులు, పాత విద్యార్థులు గ్రంథాలయమున నావద్దకు రావచ్చును. ఇప్పటికి ఏడుగురు పేర్లు ఇచ్చినారు. అందు ఇద్దరు భార్యాభర్తలు కనుక లెక్కకు ఆరుగురే. ఇంక నలుగురు కావలెను. బురదలో చిత్రములు పోగొట్టుకొన్న ఆ కుర్రవానికి కబురు పంపినాను, ఇంకను బదులు రాలేదు.