విత్తనపు సంచికి పరీక్ష వలదా?

రాబోవు తొలకరికి వేరుసెనగ విత్తనము నిలువచేయుటకై గాలి చొరని లోపొర సంచులను సంఘము ద్వారా తెప్పించవలెనని సభ్యులు పలువురు కోరుచున్నారు. కోరిక సమంజసమే. కాని వాటిని కొను విధమును గూర్చి మాకు అభ్యంతరము గలదు. ధరల చీటీ తెచ్చుట, పొరను వ్రేళ్ళ నడుమ నలిపి చూచుట, దళసరిగా నున్నదనుట, అంతటితో బేరము ముగించుట, ఇదియే ఇప్పటి వాడుక. ఈ వాడుకవలన మేమే ఒక మారు మోసపోతిమి.

పత్తికొండ తట్టు ఒక గ్రామమున మా మాటపై నలుగురు రైతులు వేరుసెనగ కాయలను అట్టి సంచులలో పోసి మూతి బిగించి కట్టిరి. వైశాఖమున విప్పగా ఇద్దరి కాయలకు పురుగు పట్టియుండెను. ఖాళీ పొరను వెలుతురున కెత్తి చూచితిమి. కాయముక్కు ఒత్తుకొన్నచోట్ల సూదిమొన పట్టునంత చిల్లులు కనబడెను. ఆ రైతులు మమ్ము నిందింపలేదు, నిందించినను న్యాయమే. అమ్మినవారిని అడుగుటకును మాకు నోరు లేకపోయెను, ఏలయన కొనునాడు దళసరి తప్ప మరేమియు వ్రాయించుకొనలేదు.

ఈ సంచి మర్మము మన పెద్దలెరుగనిది కాదు. జొన్నల పాతరను మూసినపిమ్మట లోపలి ప్రాణవాయువును గింజయు పురుగును పీల్చివేయును. అది తరిగినకొలది పురుగు చచ్చును. అందుచేతనే పాతర తెరచినవెంటనే మనిషిని దించక ముందు దీపము దించి చూచెడివారు. 1980-90 నడుమ అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు ఆఫ్రికాలోని కామెరూన్ దేశపు అలసందలకొరకు ఏర్పరచిన సంచియు ఇట్టిదే. వెలుపల నేసిన గోతము, లోపల ఒకదానిలో నొకటిగా రెండు పాలిథీను పొరలు. ఒక్కొక్క పొర 80 మైక్రానులు, అనగా మిల్లీమీటరును వేయి భాగములు చేయగా అందు 80 భాగములు. పటాన్‌చెరువులోని ఇక్రిశాటు శాస్త్రజ్ఞులు దీనిలో వేరుసెనగను నిలువచేసి చూచి, మామూలు సంచిలో కంటె బూజును, దానివలన పుట్టు అఫ్లాటాక్సిన్ విషమును తక్కువగా నుండునని 2015లో ప్రకటించిరి. కాయను నూటికి 8 పాళ్ళ తేమకు దిగువగా ఎండబెట్టుట మాత్రము మన పనియే. పాతరకు నేలయే గోడ. ఈ సంచికి గోడ ఆ పలుచని పొర. చిల్లిపడినచో అది వట్టి గోతముతో సమానము.

దళసరి ఒక్కటే బలము గాదు. కొత్త సరకులో పాత ప్లాస్టిక్కును కరగించి కలిపినను మైక్రానులు మారవు, సాగుడును దెబ్బకు ఓర్చుటయును తగ్గవచ్చును. దీనిని వ్రేళ్ళు చెప్పలేవు, యంత్రము చెప్పగలదు. పరీక్షశాలయందు పొరనుండి సన్నని పట్టీని కోసి, రెండు పట్టుకారుల నడుమ బిగించి, తెగువరకు లాగుదురు. ఎంత బలమునకు తెగినదియు, తెగుటకు ముందు ఎంత సాగినదియు లెక్క కట్టుదురు. దీనిని నిలువునను అడ్డమునను వేరువేరుగా చేయవలెను. యంత్రము పొరను లాగిన దిక్కున బలమొక తీరు, అడ్డముగా నింకొక తీరు; పులివెందుల రైతునకు అరటియాకు ఈనెలవెంట ఎట్లు చినుగునో చెప్పనక్కరలేదు గదా. చినుగుడుకు వేరొక పరీక్ష గలదు. పొరకు చిన్న గాటు పెట్టి, ఊగెడి లోలకముచే దానిని చింపించి, ఎంత శక్తి పట్టెనో చూతురు. ఇది మొదట కాగితమునకై పుట్టిన పరీక్ష. బిగించిన పొరపై గుండ్రని కొనగల బరువును 66 సెంటీమీటర్ల ఎత్తునుండి జారవిడుచుట మరియొకటి. ఎంత బరువునకు సగము పొరలు పగులునో అదియే దాని కొలత. ఇక కడ్డీతో మెల్లగా పొడిచి చిల్లిపడు బలమును కొలుచుట గలదు. కాయముక్కు చేయు పని అదియే గనుక మనకు అన్నిటికంటె ముఖ్యమైనది ఇదియే. మేము చూచిన ధరల చీటీలలో దీని ఊసే లేదు.

ఈ పరీక్షలు మామూలుగా 23 డిగ్రీల వేడిమిలో, గాలి తేమ నూటికి 50 పాళ్ళుండగా జరుగును. మన కర్నూలు, కడప ఇండ్లలో చైత్ర వైశాఖముల వేడిమి ఎక్కడ, ఆ గది ఎక్కడ! వేడికి పాలిథీను మెత్తబడును, ఎండ తగిలిన పెళుసెక్కును. కావున పరీక్షపత్రము ఇద్దరమ్మకందార్లలో ఎవరి పొర మేలో తేల్చుటకు పనికివచ్చును గాని, మన కొట్టులో ఆరు నెలలు నిలుచునను పూచీ గాదు. ఈ లోపమును సాకుగా చేసి పరీక్షయే వలదనుట మాకు సమ్మతము గాదు.

విజయవాడలోను హైదరాబాదులోను సిపెట్ సంస్థవారి కేంద్రములు గలవు. సరకు దిగినపుడు సంఘమే నమూనా సంచులను ఏరి, ముద్రవేసి అచ్చటికి పంపవలెను. అమ్మకందారు తానే ఏరి ఇచ్చిన నమూనా పనికిరాదు. లాగుడు, చినుగుడు రెండు దిక్కులనుగూడ, పొడుపును, దళసరితో సహా పత్రమున రావలెను. అది వచ్చువరకు సొమ్ములో కొంత నిలిపియుంచునట్లు కొనుగోలు షరతులలో వ్రాయవలెను. రుసుము దండుగ యని కొందరందురు. పది సంచులు కొను రైతు ఒంటిగా ఈ రుసుము భరింపజాలడు, అడిగినను అతని మాట అమ్మకందారు వినడు. సంఘము అడిగిన వినక తప్పదు. విత్తనము చెడినచో తొలకరి నాడు అతడు అప్పు చేసి కొను కాయల ధరను మాత్రము ఎవరును దండుగ పద్దున వ్రాయరు.

పత్తికొండ తట్టున నష్టపోయిన ఆ ఇద్దరును ఈ యేడు మరల సంచులలో పోయుదుమా యని మమ్మడిగియున్నారు. పరీక్షపత్రము చేతికి రానిదే పోయుడని చెప్పుటకు మాకు నోరాడదు. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ షరతును ప్రతిపాదింపనున్నాము.